బండమడుగు వాలుగ

మొన్న గిద్దలూరు పోయి మా తిరుపతమ్మత్తను చూసొచ్చినాను. అత్తకు చూపు దాదాపు పోయింది. మనుషులను గొంతును బట్టి గుర్తుపడుతుంది, ఒంటికి తగిలే ఎండను బట్టి పూట చెబుతుంది. నేను వచ్చినానని ఆమె కొడుకు బజారుకు పోయి చేప తెచ్చినాడు. ఎక్కడో కోస్తా చెరువుల్లో పెంచి, ఐసుముక్కల్లో పెట్టి, లారీలో ఇంత దూరం తెచ్చిన చేప. కోడలు దాన్ని కడగబోతుంటే అత్త "ఇట్ల తే" అని చెయ్యి చాపింది. మొప్ప ఎత్తి లోపల వేలితో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పొట్ట మీద బొటనవేలు అదిమి చూసింది. "ఏ వాసనా లేదు. అదే నాకు అనుమానం" అన్నది. కోడలు పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో నేనూ అదే పని చేస్తాను, పిల్లలు నన్ను చూసీ అట్లనే నవ్వుతారు. మా ఇద్దరికీ ఆ గుణం ఒక్కచోట నుంచే వచ్చింది. ఆ పొద్దు అన్నం తిన్నాక అత్త మంచం పక్కన కూర్చుని ఆ సంగతులే మాట్లాడుకున్నాము. ఇన్నేళ్లూ నాకు తెలియని ముక్క ఒకటి అప్పుడే బయటపడింది. అది చెప్పాలంటే ముందు మిగతాదంతా చెప్పాలి.

అప్పట్లో మేము కర్నూలు జిల్లా వాళ్లము, మదరాసు రాష్ట్రం. మా ఊరు కంభానికీ మార్కాపురానికీ నడుమ, గుండ్లకమ్మ ఒడ్డున ఉండేది. ఏరు వానాకాలంలో ఉరికేది, చలికాలం వచ్చేసరికి సన్నబడి, ఎండలు ముదిరితే ఇసుక మిగిలేది. ఎండిపోనిది ఒక్క బండమడుగు. రెండు పక్కలా నల్లబండలు, నడుమ నిలువెత్తుకు మించిన లోతు. బండల కింద సొరంగాలుండేవి, ఆ సొరంగాల్లో వాలుగలుండేవి. వాలుగంటే పొలుసు లేని చేప, నున్నగా, వెడల్పాటి నోటితో, పొడుగాటి మీసాలతో, బాతుపిల్లనైనా మింగే రకం. ఊరి మనుషులు, గొడ్లు, గొర్రెలు అన్నీ ఆ నీళ్లే తాగేవి. అందుకని మడుగుకు ఒక కట్టుబాటుండేది. వల వేసేది ఎండాకాలంలో ఒక్కసారి, ఊరంతా కలిసి. మందు కలపకూడదు, నీళ్లలో మందుగుండు తూటా పేల్చకూడదు. గాలం మాత్రం ఎవరైనా, ఎప్పుడైనా వేసుకోవచ్చు.

గాలంలో మా నాయన పెద్దచెన్నయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. సేద్యం పనులు లేని పొద్దంతా ఆయనది అదే ధ్యాస. దారం తనే పేనుకునేవాడు, తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి ఎండకు ఆరేసేవాడు. ఆ దండెం కింద నుంచి పోతే చేదువాసన కొట్టేది. గాలాలు కమ్మరి దగ్గర కూర్చుని సాగగొట్టించేవాడు, మొన చాలకపోతే వెనక్కి ఇచ్చేవాడు. ఏటికి పోయే పొద్దు తలకు ఆముదం రాసుకోడు, ఉల్లిపాయ ముట్టుకోడు. బండ మీద కూర్చునేముందు పొద్దు ఎటున్నదో చూసి, తన నీడ నీళ్ల మీద పడకుండా జరుగుతాడు. నేను ఆయన వెంబడి ఎన్నోసార్లు పోయినాను. కప్పలు పట్టిచ్చేది నేనే. జీలుగ బెండు నీళ్ల మీద నిలబడినాక దగ్గితే ఊరుకునేవాడు కాదు. "చేప మనల్ని నమ్మదమ్మీ. నమ్మనిదాన్ని నమ్మించాలంటే మనం అక్కడ లేనట్టుండాల" అనేవాడు.

ఇంట్లో పెత్తనం నాయనది కాదు, మా జేజిది, అంటే నాయనకు అమ్మ. జేజి చేపల కంటే గట్టిది. ఎవరినీ నమ్మేది కాదు. పాలు పితికి తెస్తే గోటి మీద చుక్క నిలబెట్టి చూసేది, పితికింది ఇంటి మనిషే అయినా సరే. సంతలో తెచ్చిన ఉప్పు నాలుక మీద వేసుకుని "ఇసక కలిపినాడు" అనేది, కలపకపోయినా. ఊరగాయ జాడీకి వాసెన కట్టేముందు పైన గరిటె కాడతో ఒక గుర్తు గీసేది. ఆ గీత చెదిరితే మమ్మల్ని పిలిచి నోరు తెరిపించి వాసన చూసేది. కుక్క మొరిగితే ఎవరొచ్చినారని అడగదు, ఎందుకొచ్చినారని అడుగుతుంది. చుట్టాలొస్తే మంచినీళ్లిచ్చి, వాళ్లు తాగేంతసేపూ వాళ్ల మూటను చూసేది. అట్లని గయ్యాళి కాదు. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడ్డా మంచం కోడు పట్టుకుని కూర్చునేది ఆమే. కాకుంటే కూర్చున్నప్పుడు కూడా, "ఎవరింట్లో ఏం తిన్నావు?" అని అడుగుతూనే ఉండేది.

మా అమ్మ తమ్ముడు ఓబులేసు మామ. మార్కాపురం పక్కన పలకల గనిలో పని. పలకరాయి కోసం బండలను తూటాలు పెట్టి పేలుస్తారు గదా, ఆ మనుషుల్లో ఒకడు. మనిషి సన్నగా, ఎర్రగా, గోళ్లనిండా బూడిదరంగు రాతిపొడితో ఉండేవాడు. నాకు పలకముక్కలు తెచ్చేవాడు, పాటలు పాడేవాడు, నవ్వితే ఆపడం ఆయన చేతిలో ఉండేది కాదు. నాయన చెల్లెలు తిరుపతమ్మత్తను ఆయనకిచ్చేటట్టు మాట అనుకున్నారు. మా అమ్మ ఇటు వచ్చింది కాబట్టి మా అత్త అటు పోవాల, అదీ లెక్క. అమ్మకు ఈ సంబంధం ప్రాణం. జేజికి మాత్రం గని పనివాడంటే గిట్టలేదు. "మందుగుండుతో ఆడేవాడికి ఆడపిల్లనిచ్చేది ఏంది?" అని సణుగుతూనే ఒప్పుకున్నది. అత్త ఏమనుకుంటున్నదో ఎవరూ అడగలేదు. అడగనవసరం లేదు కూడా. మామ వస్తున్నాడని తెలిస్తే అత్త దొడ్డి రెండుసార్లు ఊడ్చేది.

ఆ యేడు వానలు సరిగా పడలేదు. చలి ఇంకా పోకముందే ఏరు సన్నని కాలువై, మడుగులోకి పారీపారనట్టు పారుతుండె. అట్లాంటప్పుడు ఓబులేసు మామ ఒక సాయంత్రం భుజాన మూటతో వచ్చినాడు. మరునాడు తెల్లవారుజామున నాయనా ఆయనా కలిసి ఏటికి పోయినారు. నేనూ వస్తానంటే, మంచు పడుతున్నదని అమ్మ పోనీలేదు. పొద్దు చెట్ల మీదికి రాకముందే వీధిలో కేకలు వినబడినాయి. బయటికి ఉరికినాను. నాయనా మామా ఒక వాసం ముందొకరు వెనకొకరు మోస్తున్నారు, వాసానికి వాలుగ వేలాడుతున్నది. తల వాసాన్ని ఆనుకుంటే తోక నేల మీద గీత గీస్తున్నది. నా కంటే పొడుగు. అట్లాంటిదాన్ని అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మామ ముంజేతికి తలగుడ్డ చుట్టుకొని ఉన్నాడు, గుడ్డ నిండా నెత్తురు.

నాయన మామూలుగా మాట్లాడే మనిషి కాదు, ఆ పొద్దు మాత్రం వాకిట్లో నిలబడి అందరికీ చెప్పినాడు. ఎర మింగినాక అది సొరంగం వైపు లాగిందంట. గడ విరిగిపోయిందంట. దారాన్ని బండకున్న కొమ్ముకు చుట్టి, రొమ్ముల దాకా నీళ్లలో దిగి, అది అలిసిందాకా లాగుతూ వదులుతూ ఉన్నాడంట. చివరికి మామ దూకి మొప్పలో చెయ్యి పెట్టి పైకి తీసినాడంట, అప్పుడు పళ్లు గీసుకుని ముంజెయ్యి చీరుకుపోయిందంట. ఊరంతా వచ్చి చూసింది. పిల్లలు దాని పక్కన పడుకుని పొడుగు కొలుచుకున్నారు. అమ్మ ముఖం వెలిగిపోతున్నది, తమ్ముడు కూడా చెయ్యి వేసినాడు గదా. జేజి మాత్రం వచ్చి, కింద కూర్చుని, చేప నోరు తెరిచింది. పెదవి దగ్గర గాలం చీల్చిన గంటు ఉన్నది.

"చూసినావా అమ్మా, గాలం గంటు" అన్నాడు నాయన.

"చచ్చినదాని నోటికి గాలం గుచ్చేది ఎంతసేపు?" అన్నది జేజి. తర్వాత పొట్ట చూసింది. పొట్ట కోసేసి ఉన్నది. "లోపలి తిత్తి ఏదిరా?"

"ఏట్లోనే శుభ్రం చేసినాము అత్తా, బరువు తగ్గుతుందని" అన్నాడు మామ.

"బరువు తగ్గుతుందని" అని జేజి ఆ మాటనే తిరిగి అన్నది. తూటాకు చచ్చిన చేపకు లోపలి గాలితిత్తి పగిలి నెత్తురు గడ్డకడుతుందని అందరికీ తెలుసు. తిత్తి లేదు కాబట్టి పగిలిందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఆమె చూపు అక్కడి నుంచి మామ ముంజేతి మీదికి పోయింది. నాయన ముఖంలో వెలుగు తగ్గింది. అయినా ముక్కలు కోసి వీధివీధికీ పంచినారు. అమ్మ పెద్ద కుండలో చింతపండు పులుసు పెట్టింది. జేజి ఆ పొద్దు మజ్జిగన్నం తిని పడుకున్నది.

మరునాడు మడుగులో చిన్న చేపలు వెల్లకిలా తేలినాయి. ఆ మరునాడు ఇంకా ఎక్కువ. నీళ్ల అంచున తెల్లటి నురగ. ఊరి వాసన మారిపోయింది. ఆ సాయంత్రమే గొర్రెల కొండయ్య మా వాకిట్లోకి వచ్చినాడు. కొండయ్యకు పెద్ద మంద ఉండేది. మాకు వరసకు పెదనాయన అవుతాడు. చేతుల్లో చచ్చిన గొర్రెపిల్లను తెచ్చి మా గడప ముందర పెట్టినాడు.

"చెన్నయ్యా, మడుగు నీళ్లు తాగి నా జీవాలు నురగ కక్కుతున్నాయి. నీ చేప నువ్వు తిన్నావు, నా గొర్రెలు ఏం పాపం చేసినాయప్పా?"

"గాలంతో పట్టిన చేపకూ, నీ గొర్రెలకూ ఏంది సంబంధం అన్నా?" అన్నాడు నాయన.

"గాలమా?" కొండయ్య పెదనాయన పశువుల కొట్టం వైపు చూసినాడు. అక్కడ మామ చేతికట్టు విప్పుకుని పసుపు పెట్టుకుంటున్నాడు. "గని మనిషి వచ్చిన మర్నాడే అంత చేప గాలానికి పడిందా?"

అంతే. ఒక్క మాటతో ఊరు తిరగబడింది. నిన్నటిదాకా పులుసు తిని వేళ్లు నాకినవాళ్లు, ముక్కలో మందువాసన వచ్చిందని చెప్పడం మొదలుపెట్టినారు. ఆ పొద్దు తెల్లవారుజామున ఉరుము ఉరిమినట్టు విన్నామని ఒకరన్నారు. ఆ తర్వాత అందరూ విన్నారు. మా పక్కింటి ముసలమ్మకు చెవులు వినబడవు, ఆమె కూడా విన్నది. రాత్రి పడుకుని నేనూ ఆలోచించినాను, నిద్రలో ఏదో గుబుక్కుమన్నట్టు నాకూ అనిపించింది. నాయన అబద్ధం చెప్పడని తెలుసు. అయితే నాయన గాలం పట్టుకుని ఒక బండ మీద కూర్చుని ఉంటే, మామ అవతలి బండ వెనక ఏం చేసినాడో నాయనకు మాత్రం తెలుసునా? నా బుర్రలోకి ఈ ప్రశ్న వచ్చేసరికి అది ఇంట్లో అందరి బుర్రల్లోనూ ఉన్నదని అర్థమైంది. నాయన మామతో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. అమ్మ తమ్ముడికి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చోకుండా లోపలికి పోతున్నది. మామ నవ్వడం మానేసినాడు. అంతకంటే అనుమానమేమి కావాల?

ఊరి మునసబు మడుగు నీళ్లు ముట్టుకోవద్దని చాటింపు వేయించినాడు. నాయననూ మామనూ తన అరుగు దగ్గరికి పిలిపించినాడు. గని నుంచి తూటా బయటికి తెచ్చినారంటే అది సర్కారు నేరం, మార్కాపురం ఠాణాకు కబురు పంపాల్సి వస్తుందన్నాడు. మామ మునసబు కాళ్ల దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. "పేల్చలేదు" అన్నాడు, అంతే. తేలేదని మాత్రం అనలేదు. అది నేను అప్పుడు పట్టించుకోలేదు.

"గాలానికే పడిందంటివి గదా చెన్నయ్యా" అన్నాడు మునసబు. "అయితే అందరి ముందర ఇంకొకటి పట్టు. సంత నాటిలోగా పట్టినావంటే నేను నోరెత్తను."

"నీళ్లు పాడైనాక చేప ఎర ముట్టుకుంటుందా మామా?" అన్నాడు నాయన మునసబుతో.

"ముట్టుకోకపోతే నీ ఖర్మ."

నాయన పోయి కూర్చున్నాడు. కొత్త గడ, కొత్త దారం, బతికున్న కప్ప. ఎప్పుడూ మనిషి అలికిడి లేకుండా కూర్చునే మనిషి వెనక, బండల మీద ఊరు ఊరంతా కూర్చున్నది. బీడీలు తాగుతూ, శనక్కాయలు ఒలుచుకుంటూ. నేను పక్కన నిలబడితే ఆయన నావైపు చూడలేదు. బెండు కదల్లేదు. మరునాడూ పోయినాడు, ఆ మరునాడూ పోయినాడు. బెండు చుట్టూ నురగ తిరుగుతున్నది, అంతే. ఒకరోజు వెనక నుంచి ఎవరో, "తూటా మరిచిపోయి వచ్చినావా చెన్నయ్యా?" అన్నారు. నవ్వులు. నాయన దారం చుట్టుకుని, ఎవరినీ చూడకుండా ఇంటికొచ్చి, గడను కొట్టం పైన పెట్టేసినాడు.

ఆ పొద్దే జేజి తేల్చి చెప్పింది. "సంబంధం వద్దు. తాగే నీళ్లలో చావు కలిపేవాడు రేపు నా బిడ్డ కుండలో ఏం కలుపుతాడో!"

మా అమ్మ అంతవరకు జేజికి ఎదురుచెప్పిన మనిషి కాదు. ఆ పొద్దు పొయ్యి ముందర నుంచి లేచొచ్చింది. "నా తమ్ముడు కలిపేవాడైతే, కలిపేవాళ్ల ఇంటి నుంచి వచ్చినదాన్నే గదా నేనూ! ఇన్నేళ్లూ నా చేతి కూడు ఎందుకు తిన్నావు అత్తా?" అని, చేతిలో గరిటె అక్కడే పడేసి ఏడ్చింది. ఆ రాత్రి జేజి తన అన్నం తనే వేరే కుండలో వండుకున్నది. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు వెలగడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. తెల్లవారి మామ తన మూట సర్దుకుంటున్నాడు. సర్దుతూ దాన్ని తలకిందులు చేసి దులిపి, మళ్లీ దులిపి, ఎందుకో వంటింటి వైపు భయం భయంగా చూసినాడు.

తిరుపతమ్మత్త అంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఏడవనూ లేదు. మాసిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని, "అమ్మీ, నాతో రా" అన్నది. మడుగు నీళ్లు వద్దన్నారు కాబట్టి పైకి పోయి ఉతుక్కొస్తామని చెప్పి బయలుదేరింది. ఏటి గట్టున నడుస్తుంటే మడుగులోకి పారే సన్నకాలువను చూపించింది. అందులోనూ నురగ వస్తున్నది.

"మడుగులో తూటా పేలితే నురగ పైనుంచి ఎట్ల వస్తుంది?" అన్నది.

బట్టల మూట ఒక తుమ్మచెట్టు కింద పెట్టి కాలువ వెంబడి పోయినాము. పోయేకొద్దీ కుళ్లువాసన. ఏరు మలుపు తిరిగేచోట, చుట్టూ తుంగ పెరిగిన ఒక గుంట ఉన్నది. అందులో నురగ అడుగు మందాన పేరుకున్నది. అత్త చీర ఎగ్గట్టి దిగింది, నేనూ దిగినాను. కాళ్లకు రాళ్లు తగిలినాయి, రాళ్ల కింద మెత్తగా ఏదో. ఇద్దరమూ కలిసి రాయి దొర్లిస్తే ఒక కట్ట పైకి తేలింది. కిత్తనార మట్టలు. చేల గట్ల మీద కత్తుల మాదిరి పెరుగుతాయి గదా, వాటిని కోసి నీళ్లలో మురగబెడితే నార వస్తుంది. ఆ నారతో మోకులు పేనుతారు. గొర్రెల మందను రాత్రిళ్లు ఆపేందుకు కట్టే వలలూ దానితోనే అల్లుతారు. ఒకటి కాదు, గుంట నిండా కట్టలే.

"అత్తా, ఇవి కొండయ్య పెదనాయనవి" అన్నాను.

"తెలుసు" అన్నది అత్త. "ఊరికి చెబితే మనం పెట్టి వచ్చినామంటారు. మోసుకుపోవాల."

ఒక కట్టను నేను ఎత్తి పెడితే నెత్తిన పెట్టుకున్నది. పచ్చటి చెడ్డనీళ్లు ఆమె మెడ మీదుగా, భుజాల మీదుగా కారినాయి. ఆ పసరు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయని పల్లెలో పిల్లలకు కూడా తెలుసు. నా కాళ్లు అప్పటికే మండుతున్నాయి. "కాసేపు దించత్తా" అంటే దించలేదు. ఊరి నడిబజారులో నుంచి నడిచింది. పెళ్లి కావలసిన పిల్ల తల మీద గుడ్డ కూడా లేకుండా, కుళ్లునీళ్లు కారుతూ పోతుంటే ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి నోళ్లు నొక్కుకున్నారు. మునసబు అరుగు ముందర కట్టను దబ్బున పడేసింది. అక్కడే కొండయ్య పెదనాయన కూర్చుని ఉన్నాడు.

"ఇది ఎవరిదన్నా?"

కొండయ్య పెదనాయన కట్టను చూసినాడు, దానికి కట్టిన ముడిని చూసినాడు. ఆ ముడి ఆయనదే.

"నాదే" అన్నాడు. "ఏటేటా అక్కడే నానబెడతా తల్లీ. ఎప్పుడూ ఏమీ కాలేదే!"

"ఏటేటా ఏరు పారుతుండె. ఇప్పుడు పారుతున్నదా? ఆ గుంట నీళ్లు తప్ప మడుగులోకి వచ్చేది ఏమున్నది?"

మునసబు మనిషిని పంపించి గుంట చూసి రమ్మన్నాడు. ఆ తర్వాత జరగాల్సింది జరిగింది. కొండయ్య పెదనాయన కట్టలన్నీ తీసి ఒడ్డున వేసినాడు, కాలువకు అడ్డం కట్టినారు, ఠాణా మాట ఎవరూ ఎత్తలేదు. తెలియక చేసినాడని ఊరు ఒప్పుకున్నది. నేను మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. చేపలు తేలకముందు నుంచే ఆయన పెళ్లాం నీళ్లకు అవతలి బావికి పోతుండె. ఎదురైతే అడిగినాను కూడా, "మడుగు వదిలి అంత దూరమా పెద్దమ్మా?" అని. "నడిస్తే ఒళ్లు తేలికవుతుందిలే" అన్నది. నిండు బిందెతో నడిస్తే ఒళ్లు ఎట్ల తేలికవుతుందో నాకు అర్థం కాలేదు. ఆయనకు ముందే తెలిసి మా మీదికి తోసినాడో, గొర్రెలు చచ్చిన దుఃఖంలో నోటికొచ్చింది అన్నాడో, వాళ్లిద్దరూ పోయినారు, ఇక చెప్పేవాళ్లు లేరు.

అత్త భుజాలు, వీపు ఎర్రగా దద్దుర్లు లేచి, బొబ్బలై, రెండు వారాలు రవిక వేసుకోలేకపోయింది. జేజి రోజూ పొద్దునా సాయంత్రం వెన్న రాసేది. రాస్తూ, "వాడికోసం ఒళ్లు కాల్చుకుంటివి గదే!" అని తిట్టేది. అమ్మకు క్షమాపణ చెప్పలేదు. ఒకరోజు అమ్మ వండిన కుండ దగ్గరికి వచ్చి కంచం ముందర పెట్టుకుని కూర్చున్నది, అంతే. అమ్మ వడ్డించింది. పెళ్లి జరిగింది. నాయన గాలం మళ్లీ పట్టినాడు గానీ, ఆ వాలుగ గురించి ఎవరైనా అడిగితే మాట దాటవేసేవాడు. ఒకసారి నాతో అన్నాడు: "నీళ్లు పాడవబట్టి అది సొరంగంలో ఉండలేక బయటికి వచ్చిందేమో అమ్మీ. నేను పట్టినానో, అదే దిక్కులేక పడిందో." ఊరి అనుమానం తీరినాక ఆయనకు ఆ అనుమానం మిగిలింది.

ఇదంతా నాకు తెలిసిందే. మొన్న గిద్దలూరులో అత్త పక్కన కూర్చుని, ఎప్పటి నుంచో అడగాలనుకున్న మాట అడిగినాను. "ఇంట్లో నీ కన్నతల్లి నమ్మలేదు, మామకు తోడబుట్టిన అక్క నమ్మలేదు. మామ పేల్చలేదని నీకొక్కదానికే అంత నమ్మకం ఎట్ల కలిగింది అత్తా?"

అత్త మంచం మీద కాళ్లు ముడుచుకుని గోడకు ఆనుకున్నది. "నమ్మకమేందే పిచ్చిదానా" అన్నది. "తూటాలు నా దగ్గరుండె."

మామ వచ్చిన సాయంత్రం, ఆయన కాళ్లు కడుక్కునేటప్పుడు, మాసిన బట్టలుంటే ఉతుకుదామని అత్త ఆయన మూటలో చెయ్యి పెట్టిందంట. పంచె మడతల్లో, కాగితం చుట్టి, కొవ్వొత్తుల మాదిరి చేతికి తగిలినాయంట. అవేమిటో ఆమెకు తెలుసు, మామే ఒకసారి ఎట్లుంటాయో చెప్పినాడు. చప్పుడు చేయకుండా కొంగులో చుట్టుకుని పోయి దొడ్లో పేడదిబ్బలో పాతిపెట్టింది. తెల్లారుజామున మడుగు దగ్గర మామ మూటంతా వెతుక్కుని, తూటాలు దొరక్క, నాయన గాలానికే తోడు నిలబడి ఉంటాడని అత్త లెక్క.

"అప్పుడే చెప్పొచ్చు గదా! అంత రచ్చ జరుగుతుంటే!"

"ఏమని చెప్పాల? పేల్చలేదు గానీ తెచ్చినాడు అనా? మునసబు ఆ పొద్దే ఠాణాకు పంపేవాడు. మీ నాయనకు తెలిస్తే నరికేవాడు. అందుకే గదా వేరే దారి వెతుక్కుంటూ ఏటెంట పోయింది."

"మామకు తర్వాతైనా చెప్పినావా?"

"చెప్పలేదు. ఆయనా అడగలేదు." అత్త నవ్వింది, పళ్లు లేని నోరు. "మీ జేజి తీసిందనుకున్నాడు పాపం. వచ్చినప్పటి నుంచి మూట వైపే చూసింది ఆమె గదా. ఎప్పుడు బయటపెడుతుందో అని ఆమె పోయిందాకా ఆమె ఎదురుగా కూర్చోలేదు. ఆమె ఎన్ని మాటలన్నా తల వంచుకునేవాడు. అల్లుడంటే ఇట్లుండాలని ఊరంతా మెచ్చుకున్నది."

మంచి అల్లుడనిపించుకున్న మామ, ఎవరినీ నమ్మని జేజి, అందరికీ మొండిగా కనబడిన అత్త, అందరినీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. జేజి అనుమానం మూట వరకు నిజమే, మడుగు దగ్గర అబద్ధం. ఇప్పుడు నాకు ఆమె మీద కోపం రావడం లేదు. అప్పుడు నీళ్ల మీద ఒక్క చేప తేలితే ఊరంతా ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు, కొట్లాడుకునేవాళ్లు, చివరికి ఎవరో ఒకరు కాలువ వెంబడి పైకి నడిచేవాళ్లు. మొన్న వచ్చేటప్పుడు బస్సు మా ఊరి మీదుగా పోయింది. బండమడుగులో ఇసుక తవ్వుకుపోయినారు, బండలు తెల్లగా బయటపడి ఉన్నాయి. నీళ్లు ఎక్కడివంటే బోరువి, డబ్బాలవి. చేప ఎక్కడిదంటే లారీది. ఏ నీళ్లలో ఏం కలిసిందో వెతుకుదామన్నా నడిచేందుకు ఏటిగట్టు కనబడదు. అనుమానం మాత్రం నా దగ్గర అట్లనే ఉన్నది. అడిగేందుకు ఎదురుగా మనిషి లేడు.

"ఇంతకూ ఆ తూటాలు ఏమైనాయి అత్తా?" అన్నాను లేస్తూ.

"ఏమైతాయి? పెళ్లి హడావిడిలో దిబ్బ సంగతే మరిచిపోతి. ఆ యేడు ఎండాకాలం మీ నాయన దిబ్బంతా బండ్లకెత్తి మెట్టచేనికి తోలినాడు. నేను కాపురం నుంచి వచ్చేసరికి ఎరువు చల్లేసి ఉన్నది. ఎక్కడని వెతకను? ప్రతి వానాకాలం మీ నాయన అక్కడ నాగలి కట్టినాడని తెలిస్తే నాకు ఆ పొద్దు అన్నం సయించేది కాదు." చూపులేని కళ్లను నా గొంతు వినబడిన వైపు తిప్పింది. "ఆ చేను అమ్మేసినారంట గదా. కొన్నవాళ్లు నాగలితో దున్నుతున్నారా, ట్రాక్టరుతోనా?"

"ట్రాక్టరే అత్తా."

అత్త నా చెయ్యి వెతికి పట్టుకున్నది.

"మెల్లగా దున్నుకోమని చెప్పమ్మీ" అన్నది.